టెన్షన్‌లో జ్ఞాపకం ఏమవుతుంది? మెదడులో భావోద్వేగానికీ జ్ఞాపకానికీ ఉన్న ముడి

క్లుప్తంగా: భావోద్వేగానికి ఒక భాగం, జ్ఞాపకానికి మరో భాగం అని మెదడును విడదీసి చదివితే సగం విషయం చేజారుతుంది. ఒత్తిడి ఒకటే అయినా అది ఎప్పుడు వచ్చిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. నేర్చుకున్న వెంటనే వస్తే జ్ఞాపకం గట్టిపడుతుంది. గుర్తుచేసుకోవాల్సిన వేళకు అరగంట ముందు వస్తే అదే అడ్డుపడుతుంది. రోజుల తరబడి సాగితే జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌ను ఒకలా, భావోద్వేగానికి కీలకమైన అమిగ్డలాను అందుకు సరిగ్గా వ్యతిరేకంగా మారుస్తుంది. ఈ చివరి సంగతిని చూపించిన ప్రయోగాలు బెంగళూరులోనే జరిగాయి.

అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి బెంగళూరు కాలేజీల్లో సైకాలజీ చదివే తెలుగు విద్యార్థులకు బయోసైకాలజీ పేపరు దగ్గర ఒక చిక్కు ఎదురవుతుంది. నోట్సులో "అమిగ్డలా భయానికి, హిప్పోక్యాంపస్ జ్ఞాపకానికి" అని రెండు ముక్కల్లో ఉంటుంది. రెండు మార్కుల ప్రశ్నకు అది చాలు. కానీ రాత్రంతా చదివింది పరీక్ష హాల్లో ఎందుకు గుర్తురాలేదు, పదేళ్ల కిందటి యాక్సిడెంట్ నిన్న జరిగినట్టు ఎందుకు కళ్లకు కడుతుంది, అంత గట్టిగా గుర్తున్నదాంట్లో కూడా తప్పులు ఎందుకుంటాయి అని వైవాలో అడిగితే ఆ రెండు ముక్కలూ చాలవు. వీటికి జవాబు ఆ రెండు భాగాల మధ్య జరిగే పనిలో ఉంది.

## భావోద్వేగం కోసం గీసిన పటం

1878లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా, మెదడు అర్ధగోళాల లోపలి అంచు వెంట వంపు తిరిగి ఉండే ప్రాంతాన్ని లింబిక్ లోబ్ అన్నాడు. 1937లో అమెరికాకు చెందిన జేమ్స్ పేపెజ్ దాన్ని భావోద్వేగంతో ముడిపెట్టాడు. హిప్పోక్యాంపస్ నుంచి మామిల్లరీ బాడీలకు, అక్కడి నుంచి థాలమస్ ముందు భాగానికి, దాన్నుంచి సింగ్యులేట్ కార్టెక్స్‌కు, మళ్లీ హిప్పోక్యాంపస్‌కు చేరే ఒక వలయాన్ని గీసి, భావోద్వేగం నడిచే దారి ఇదేనని ప్రతిపాదించాడు. ఆయన చూపిన ఆధారాల్లో రేబిస్ ఒకటి. పిచ్చికుక్క కాటుతో చనిపోయినవాళ్ల మెదడులో హిప్పోక్యాంపస్ దెబ్బతిని కనిపిస్తుంది. చివరి రోజుల్లో వాళ్లకు భయం, ఉద్రేకం విపరీతంగా ఉంటాయి. ఆ రెంటినీ ఆయన కలిపి చూశాడు. 1952లో పాల్ మెక్‌లీన్ ఈ ఆలోచనను విస్తరించి లింబిక్ సిస్టమ్ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఇప్పటికీ సిలబస్‌లో ఉంది.

తర్వాతి పరిశోధనల్లో తేలింది వేరు. పేపెజ్ భావోద్వేగం కోసం గీసిన వలయంలోని భాగాలు ప్రధానంగా జ్ఞాపకానికి సంబంధించినవని బయటపడింది. ఏళ్ల తరబడి మద్యం తాగి, థయామిన్ (విటమిన్ బి1) లోపించి మామిల్లరీ బాడీలు, థాలమస్ దెబ్బతిన్నవాళ్లకు కోర్సకాఫ్ జబ్బు వస్తుంది. అందులో ముందుగా పోయేది కొత్త సంగతులను గుర్తుంచుకునే శక్తి. ఇక భావోద్వేగంలో ఎంతో ముఖ్యమైన అమిగ్డలా పేపెజ్ పటంలో లేనే లేదు. చాలా పాఠ్యపుస్తకాలు ఈ చరిత్రను ఒక పేరాలో ముగిస్తాయి. కాస్త ఆగి చూడాల్సిన చోటు ఇది. భావోద్వేగాన్ని వెతికినవాళ్లకు జ్ఞాపకం దొరికిందంటే, ఆ రెండూ మెదడులో పక్కపక్కనే, ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయన్నమాట.

హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్ అనే మానసిక, నాడీ ఆరోగ్య సంస్థలో మెదడు మ్యూజియం ఉంది. పుస్తకంలో రంగురంగులుగా విడివిడిగా కనిపించే భాగాలు నిజమైన మెదడులో ఎంత దగ్గరగా ఉంటాయో అక్కడి నమూనాలు చూస్తే తెలుస్తుంది. కణతల వైపున్న టెంపోరల్ లోబ్ లోపల హిప్పోక్యాంపస్ ముందు కొనను ఆనుకుని, బాదంపప్పంత పరిమాణంలో అమిగ్డలా ఉంటుంది. బెంగళూరులో ఉంటూ సైకాలజీ చదివేవాళ్లు దాన్ని చూడకుండా డిగ్రీ పూర్తిచేయడం పెద్ద లోటు.

## రోగులు నేర్పిన పాఠం

1953లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల అమెరికన్ యువకుడికి మూర్ఛ తగ్గించడానికి విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు వైపులా టెంపోరల్ లోబ్ లోపలి భాగాలను తీసేశాడు. మూర్ఛ తగ్గింది. కానీ ఆ తర్వాత అతనికి కొత్త జ్ఞాపకం ఏదీ నిలవలేదు. పేరు చెప్పి పలకరించిన మనిషి గదిలోంచి బయటికి వెళ్లి తిరిగొస్తే మళ్లీ కొత్త మనిషే. 1957లో స్కోవిల్, బ్రెండా మిల్నర్ కలిసి రాసిన వ్యాసం హిప్పోక్యాంపస్‌కు జ్ఞాపకంలో ఉన్న స్థానాన్ని స్థిరపరిచింది. అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడిపే పనిని మాత్రం అతను రోజురోజుకూ మెరుగ్గా చేశాడు. అంతకుముందు ఆ పని చేసినట్టే అతనికి గుర్తులేదు. జ్ఞాపకం ఒకే రకం కాదని అప్పుడు స్పష్టమైంది.

భావోద్వేగం సంగతిలోనూ ఇలాంటి తేడా ఉంటుందన్న సూచన అంతకు చాలా ముందే దొరికింది. 1911లో స్విట్జర్లాండ్ మానసిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ క్లాపరెడ్ కోర్సకాఫ్ జబ్బు ఉన్న ఒక మహిళతో కరచాలనం చేస్తూ వేళ్ల మధ్య దాచిన గుండుసూదితో గుచ్చాడు. కాసేపటికి ఆమె ఆ సంగతి మరిచిపోయింది. అయినా ఆయన మళ్లీ చెయ్యి చాపితే ఇవ్వలేదు. ఎందుకని అడిగితే సరైన కారణం చెప్పలేకపోయింది. సంఘటన గుర్తులేదు, దాని తాలూకు జాగ్రత్త మాత్రం ఉంది. ఇప్పటి నైతిక నియమాల ప్రకారం అలాంటి ప్రయోగానికి అనుమతి దొరకదు.

ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి పరీక్షించింది 1995లో ఆంట్వాన్ బెషారా, ఆంటోనియో డమాసియో బృందం. రంగు స్లైడులు చూపిస్తూ, ఒక రంగు వచ్చినప్పుడు మాత్రం ఉలిక్కిపడేంత పెద్ద హారన్ మోగించారు. కొన్నిసార్లకు ఆ రంగు కనబడగానే మామూలు మనుషుల అరచేతుల్లో చెమట పెరుగుతుంది. అమిగ్డలా రెండు వైపులా పాడైన రోగికి ఆ స్పందన రాలేదు. కానీ "ఏ రంగు తర్వాత హారన్ మోగింది?" అని అడిగితే సరిగ్గా చెప్పగలిగింది. హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న రోగికి దీనికి తలకిందులు: అరచేతులకు చెమట పట్టింది, ఏ రంగో మాత్రం చెప్పలేకపోయాడు. రెండూ దెబ్బతిన్న మూడో రోగికి రెండూ లేవు. భయం "గురించి" తెలియడం వేరు, భయం శరీరంలో పుట్టడం వేరు అని ఇంత తేటగా చూపిన ప్రయోగం మరొకటి దొరకడం కష్టం. పరీక్షలో డబుల్ డిసోసియేషన్‌కు, అంటే రెండు పనులు వేర్వేరు భాగాలవని రెండు వైపుల నుంచీ తేలడానికి, ఉదాహరణ అడిగితే రాయాల్సింది ఇదే.

అమిగ్డలా పాడైన ఆ రోగిని పరిశోధన సాహిత్యంలో ఎస్.ఎమ్. అంటారు. ఉర్బాక్-వీతె అనే అరుదైన జన్యు జబ్బు వల్ల ఆమె అమిగ్డలా రెండు వైపులా నాశనమైంది. పాములను చూసినా, భయపెట్టేందుకు కట్టిన భూత్ బంగ్లాలోకి వెళ్లినా ఆమెకు భయం కలగలేదు. "అమిగ్డలా అంటే భయం" అన్న సూత్రానికి ఆమెను రుజువుగా చూపించేవాళ్లు. అయితే 2013లో ఆమెకూ, అదే జబ్బున్న మరో ఇద్దరికీ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కలిసిన గాలి పీల్పిస్తే ముగ్గురూ తీవ్రమైన పానిక్‌కు లోనయ్యారు. ఊపిరాడకపోవడం లాంటి లోపలి ప్రమాదానికి భయపడటానికి అమిగ్డలా అక్కర్లేదని దాంతో తేలింది. బయటి ప్రపంచంలో ఏది ముఖ్యం, దేన్ని పట్టించుకోవాలి అని గుర్తించడంలోనే దాని పాత్ర పెద్దది. ఆహారం, బహుమతి లాంటి మంచి విషయాలకు కూడా అది స్పందిస్తుంది. భయం మీద దశాబ్దాలు పనిచేసిన జోసెఫ్ లెడూ కూడా తర్వాతి కాలంలో దాన్ని భయకేంద్రం అనొద్దని, ప్రాణరక్షణ స్పందనలను నడిపే వలయంలో భాగంగా చూడమని వాదించాడు.

## నిమిషాల లెక్క

భావోద్వేగం కలిగినప్పుడు జ్ఞాపకం ఎందుకు గట్టిపడుతుంది? దీనికి జవాబు శరీరంలోంచి మొదలవుతుంది. సిల్క్ బోర్డు జంక్షన్‌లో బైకు మీద వెళ్తుంటే పక్కనుంచి బస్సు రాసుకుంటూ పోయిందనుకుందాం. క్షణాల్లో అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చల్లబడతాయి. అడ్రినలిన్ మెదడులోకి నేరుగా పెద్దగా వెళ్లలేదు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని ఆపుతుంది. అది వేగస్ నాడిని ప్రేరేపిస్తుంది, ఆ కబురు మెదడు కాండానికి చేరుతుంది, అక్కడి లోకస్ సెరూలియస్ అనే చిన్న ప్రాంతం అమిగ్డలాలోకి నార్‌అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. శరీరంలో పుట్టిన కలకలం ఇలా చుట్టూ తిరిగి మెదడుకు చేరుతుంది.

రెండో రసాయనం కార్టిసాల్. హైపోథాలమస్ నుంచి పిట్యూటరీకి, అక్కడి నుంచి అడ్రినల్‌కు సంకేతాలు వెళ్లి అది విడుదలవుతుంది. కాబట్టి రక్తంలో పతాక స్థాయికి రావడానికి సుమారు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. కార్టిసాల్ మెదడులోకి తేలిగ్గా వెళ్తుంది. హిప్పోక్యాంపస్‌లో దాన్ని అందుకునే రిసెప్టర్లు చాలా ఎక్కువ. ఈ రెండు రసాయనాలూ అమిగ్డలాలోని బేసోలేటరల్ భాగంలో కలిసి పనిచేసినప్పుడు, అది పక్కనే ఉన్న హిప్పోక్యాంపస్‌లో జ్ఞాపకం స్థిరపడే పనిని పెంచుతుంది. జేమ్స్ మెక్‌గా దశాబ్దాలపాటు ఎలుకల మీద చేసిన ప్రయోగాల సారాంశం ఇదే. అమిగ్డలా ఆ జ్ఞాపకాన్ని తన దగ్గరే దాచుకోనవసరం లేదు. దేన్ని గట్టిగా దాచాలో మిగతా మెదడుకు చెబుతుంది.

మనుషుల్లో దీనికి రుజువు 1994లో వచ్చింది. లారీ కేహిల్, మెక్‌గా బృందం కొందరికి ఒక కథను స్లైడులతో చెప్పింది. కథ మధ్యలో ఒక పిల్లవాడికి ఘోరమైన ప్రమాదం జరుగుతుంది. కొందరికి ముందే ప్రొప్రనలాల్ ఇచ్చారు. బీపీకి, గుండెదడకు డాక్టర్లు రాసే మందే అది, నార్‌అడ్రినలిన్ పనిని అడ్డుకుంటుంది. వారం తర్వాత చెప్పకుండా పరీక్ష పెట్టారు. మందు తీసుకోనివాళ్లకు ప్రమాదం జరిగిన భాగం మిగతా కథకంటే బాగా గుర్తుంది. తీసుకున్నవాళ్లకు ఆ తేడా లేదు. మామూలు భాగాలు ఇద్దరికీ ఒకేలా గుర్తున్నాయి. అంటే మందు జ్ఞాపకం మొత్తాన్నీ మందగింపజేయలేదు, భావోద్వేగం కలిపిన అదనపు బలాన్ని మాత్రమే తీసేసింది.

2003లో కేహిల్ బృందం మరో సంగతి చూపింది. బొమ్మలు చూసిన తర్వాత చేతిని మంచునీళ్లలో పెట్టించినవాళ్లకు, అందులో ఉద్వేగం కలిగించే బొమ్మలు వారం తర్వాత మరింత బాగా గుర్తున్నాయి. నేర్చుకోవడం అప్పటికే అయిపోయింది, ఒత్తిడి ఆ తర్వాత వచ్చింది, అయినా పనిచేసింది. జ్ఞాపకం ఒక్క క్షణంలో పడిపోయే ముద్ర కాదు. గంటల తరబడి గట్టిపడుతూ ఉంటుంది, నిద్రలో కూడా ఆ పని సాగుతుంది. ఆ సమయంలో శరీరంలో ఏం జరుగుతోందన్నది లెక్కలోకి వస్తుంది.

## బెంగళూరు ప్రయోగశాలలో తేలింది

పైన చెప్పింది కొద్దిసేపు ఉండే ఒత్తిడి సంగతి. ఒత్తిడి రోజుల తరబడి సాగితే? 1990ల నాటికి, దీర్ఘకాల ఒత్తిడిలో ఎలుకల హిప్పోక్యాంపస్‌లోని సీఏ3 ప్రాంతంలో న్యూరాన్ల (నాడీకణాల) కొమ్మలు, అంటే డెండ్రైట్లు, కుంచించుకుపోతాయని తెలుసు. మరి అమిగ్డలాలో? అక్కడా అలాగే అవుతుందనుకుంటే ఒక చిక్కు ఉంది. ఒత్తిడికి లోనైనవాళ్లలో మతిమరుపు పెరిగినా ఆందోళన తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

బళ్లారి రోడ్డు వైపు జీకేవీకే అనే వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఈ ప్రశ్న పట్టుకుంది. ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలకుండా ఉంచారు. 2002లో ప్రచురించిన ఫలితం ఇది: హిప్పోక్యాంపస్ న్యూరాన్ల కొమ్మలు తగ్గాయి, బేసోలేటరల్ అమిగ్డలా న్యూరాన్ల కొమ్మలు పెరిగాయి. ఒకే జంతువు, ఒకే ఒత్తిడి, రెండు చోట్ల రెండు వ్యతిరేక మార్పులు. సంఘటనను దాని చోటుతో, సమయంతో కలిపి దాచే భాగం బలహీనపడుతూ, ప్రమాదాన్ని పసిగట్టే భాగం బలపడుతోంది.

తర్వాతి ఫలితాలు ఇంకా ఆలోచింపజేస్తాయి. ఒత్తిడి ఆపి 21 రోజులు విశ్రాంతి ఇచ్చి చూస్తే హిప్పోక్యాంపస్‌లో మార్పులు సర్దుకున్నాయి, అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి. ఎలుకల్లో ఆందోళన కూడా తగ్గలేదు. 2005లో ఇంకో సంగతి బయటపడింది. ఒకే ఒక్కసారి రెండు గంటలు కదలకుండా ఉంచితే మర్నాడు అమిగ్డలాలో ఏ మార్పూ లేదు, పది రోజుల తర్వాత చూస్తే న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట ఉండే చిన్న మొలకలు, అంటే సినాప్టిక్ స్పైన్లు, కొత్తగా మొలిచాయి, ఆందోళన పెరిగింది. ఏదైనా దుర్ఘటన తర్వాత మొదటి రోజుల్లో బాగానే ఉన్న మనిషి కొన్ని వారాలకు కుంగిపోవడం వైద్యులు చూస్తూనే ఉంటారు. "అప్పుడు బాగానే ఉన్నాడు కదా, ఇప్పుడేమైంది?" అని ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నకు కణాల స్థాయిలో ఒక జవాబు ఇక్కడ కనిపిస్తుంది.

ఒత్తిడికి ముందే కార్టికోస్టెరాన్ ఇస్తే, అంటే ఎలుకల్లో కార్టిసాల్ చేసే పని చేసే హార్మోన్ ఇస్తే, ఈ ఆలస్యపు మార్పులు రాలేదని అదే బృందం 2012లో చూపించింది. కాబట్టి కార్టిసాల్‌ను "చెడ్డ హార్మోన్" అని ముద్ర వేయడం పొరపాటు. ఎంత, ఎప్పుడు, ఎంతకాలం అన్నదే అసలు విషయం. ఇవన్నీ ఎలుకల ఫలితాలన్న సంగతి మరవకూడదు. మనిషి మెదడులో డెండ్రైట్ల కొమ్మలను బతికుండగా కొలవడం సాధ్యం కాదు. అయితే వైద్యులు రోగుల్లో చూసేదానికి ఈ ఫలితాలు ఇంత దగ్గరగా ఉండటం వల్లే వీటికి ప్రపంచమంతటా గుర్తింపు వచ్చింది. మన ఊళ్లో జరిగిన పని మన విద్యార్థుల నోట్సులో ఉండాలి.

## పరీక్ష హాల్లో ఏం జరుగుతుంది

ఇప్పుడు పీజీ హాస్టల్ గదిలోకి వద్దాం. పరీక్ష టెన్షన్ జ్ఞాపకానికి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న అసలు తప్పు. నేర్చుకునే దశ, స్థిరపడే దశ, గుర్తుచేసుకునే దశ అని విడగొడితేనే జవాబు దొరుకుతుంది.

1998లో డొమినిక్ డి క్వర్వాన్, బెన్నో రూజెండాల్, మెక్‌గా కలిసి నీళ్ల తొట్టిలో దాగిన మెట్టును కనుక్కోవడం ఎలుకలకు నేర్పారు. మర్నాడు పరీక్షకు ముందు చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. రెండు నిమిషాల ముందు షాక్ తగిలినవి బాగానే వెతికాయి. నాలుగు గంటల ముందు తగిలినవీ అంతే. అరగంట ముందు తగిలినవి మాత్రం మెట్టు ఎక్కడుందో మరిచిపోయినట్టు తిరిగాయి. ఆ అరగంట హార్మోన్ పతాక స్థాయికి చేరే సమయం. హార్మోన్ తయారీని మందుతో ఆపితే ఆ మరుపు రాలేదు. తర్వాత మనుషుల్లో కూడా, పదాల జాబితా గుర్తుచేసుకోవడానికి గంట ముందు కార్టిసోన్ మాత్ర ఇస్తే తక్కువ పదాలు గుర్తొచ్చాయని అదే పరిశోధకులు చూపించారు.

హాలు బయట కారిడార్‌లో నిలబడి "నువ్వు అది చదివావా? ఇది వస్తుందట" అని ఒకరినొకరు కంగారు పెట్టుకునే ఆ అరగంట ఎందుకు నష్టమో దీన్నిబట్టి అర్థమవుతుంది. చదివింది చెరిగిపోలేదు, దాన్ని బయటికి తీసే పనికి అడ్డం వచ్చింది. హాలు దాటి బస్టాపు చేరాక జవాబు టక్కున గుర్తురావడం అందుకే. పైగా ఆ టెన్షన్ తాలూకు జ్ఞాపకం మాత్రం బాగా ముద్రపడుతుంది: ఫ్యాన్ చప్పుడు, ఇన్విజిలేటర్ ముఖం, ఖాళీ పేజీ. మెదడు ముఖ్యమని గుర్తించింది వాటినే. వచ్చే పరీక్షకు ఆ హాలే భయాన్ని రేపే సంకేతంగా మారొచ్చు.

ఒత్తిడి మధ్యస్థంగా ఉన్నప్పుడే పనితీరు బాగుంటుందని చూపడానికి అందరూ గీసే తలకిందుల యు-ఆకారపు గీత గురించి ఇక్కడ ఒక మాట. రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ 1908లో చిట్టెలుకలకు కరెంటు షాకులతో తెలుపు, నలుపు పెట్టెలను వేరుచేయడం నేర్పారు. పని కష్టమైనప్పుడు మధ్యస్థమైన షాక్‌తో త్వరగా నేర్చుకున్నాయి. పని తేలికైతే షాక్ పెరిగేకొద్దీ నేర్చుకోవడమూ పెరిగింది. అసలు ఫలితంలో సగం ఇది. నోట్సుల్లో ఈ రెండో సగం రాదు, ఒకే గీత గీసి "కొంచెం టెన్షన్ మంచిదే" అని ముగిస్తారు. అలా కుదించడం సరైన పని కాదు.

## గట్టిగా గుర్తుండటం, సరిగ్గా గుర్తుండటం

1977లో రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్ ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకాల గురించి రాశారు. పెద్ద వార్త విన్న క్షణంలో ఎక్కడున్నాం, ఎవరు చెప్పారు అన్నవి ఫొటో తీసినట్టు నిలిచిపోతాయన్నది వాళ్ల వాదన. దాన్ని పరీక్షించే సందర్భం 1986 జనవరిలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయినప్పుడు వచ్చింది. మర్నాడే ఉల్రిక్ నైసర్ తన విద్యార్థులతో, వార్త ఎలా తెలిసిందో రాయించి దాచాడు. రెండున్నరేళ్ల తర్వాత నికోల్ హార్ష్‌తో కలిసి 44 మందిని మళ్లీ అడిగితే సుమారు నాలుగో వంతు మంది ముఖ్యమైన వివరాలన్నీ తప్పు చెప్పారు. నమ్మకం మాత్రం నిండుగా ఉంది. వాళ్ల చేతిరాత వాళ్లకే చూపించినా కొందరు ఒప్పుకోలేకపోయారు.

2001 సెప్టెంబర్ 12న జెన్నిఫర్ టలారికో, డేవిడ్ రూబిన్ 54 మంది విద్యార్థుల చేత అంతకుముందు రోజు అమెరికా మీద జరిగిన దాడుల వార్త విన్న జ్ఞాపకాన్నీ, ఒక మామూలు రోజు జ్ఞాపకాన్నీ రాయించారు. వారాలు, నెలలు గడిచాక పోలిస్తే తప్పులు రెండింటిలోనూ ఒకేలా పెరిగాయి. తేడా నమ్మకంలో ఉంది. మామూలు జ్ఞాపకం మీద నమ్మకం తగ్గింది, దాడుల జ్ఞాపకం మీద తగ్గలేదు.

భావోద్వేగం నడిమి విషయాన్ని గట్టిగా పట్టుకుంటుంది, చుట్టూ ఉన్నదాన్ని వదిలేస్తుంది. కత్తి చూపించి పర్సు లాక్కున్న దొంగ ముఖం కంటే కత్తే బాగా గుర్తుంటుంది. సాక్షుల వాంగ్మూలం మీద నడిచే కేసుల్లో, తొణక్కుండా చెప్పాడు కాబట్టి నిజమే చెప్పాడనుకోవడం ఎంత ప్రమాదమో ఈ పరిశోధనలు చెబుతున్నాయి.

## వాసన, భాష

మిగతా ఇంద్రియాల సమాచారం థాలమస్ మీదుగా కార్టెక్స్‌కు, అంటే మెదడు పై పొరకు, వెళ్తుంది. వాసన మాత్రం ముక్కు పైనున్న ఆల్ఫాక్టరీ బల్బ్ నుంచి, థాలమస్‌తో పనిలేకుండా, వాసనకు సంబంధించిన కార్టెక్స్‌కూ అమిగ్డలాకూ చేరుతుంది. ఊరి నుంచి వచ్చిన ఆవకాయ జాడీ మూత తీయగానే మారతహళ్లి గదిలో అమ్మమ్మ ఇల్లు గుర్తుకు రావడానికి ఈ దగ్గరి దారి ఒక కారణం కావచ్చు. వాసన రేపే జ్ఞాపకాల్లో భావోద్వేగం ఎక్కువని, అవి తరచుగా చిన్ననాటివని అధ్యయనాల్లో కనిపించింది.

భాష సంగతి బెంగళూరు తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లిష్‌తో బతికేవాళ్లు ఇక్కడ లక్షల్లో ఉన్నారు. 2003లో కేథరిన్ హారిస్ బృందం టర్కిష్ మాతృభాషగా ఉండి తర్వాత ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్ల చర్మపు విద్యుత్ స్పందనను (చెమటతో మారేది) కొలిచింది. చిన్నప్పుడు పెద్దవాళ్లు తిట్టే మాటలు టర్కిష్‌లో వింటే స్పందన ఎక్కువ, అవే ఇంగ్లిష్‌లో వింటే తక్కువ. అంతకుముందు 2000లో వియోరికా మేరియన్, నైసర్ రష్యన్-ఇంగ్లిష్ ద్విభాషుల్ని అడిగి చూశారు. రష్యన్‌లో అడిగితే రష్యన్ మాట్లాడిన రోజుల జ్ఞాపకాలు ఎక్కువగా వచ్చాయి, ఇంగ్లిష్‌లో అడిగితే ఇంగ్లిష్ రోజులవి.

కౌన్సెలింగ్ వైపు వెళ్లే విద్యార్థులు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కడప జిల్లాలో పెరిగిన మనిషి చిన్ననాటి దెబ్బల గురించి ఇంగ్లిష్‌లో నిబ్బరంగా చెబుతున్నాడంటే గాయం మానిందని అర్థం కాకపోవచ్చు. అదే మాట తెలుగులో అడిగితే గొంతు మారవచ్చు, అప్పటిదాకా రాని సంగతి రావచ్చు. కొందరికి ఇంగ్లిష్ ఇచ్చే ఆ దూరమే మొదట్లో నోరు విప్పడానికి సాయపడుతుంది. ఏ భాషలో మాట్లాడించాలన్నది కూడా చికిత్సలో భాగమే.

## భయం పోతుందా, అణుగుతుందా

గంట మోగగానే ఆహారం వస్తుందని నేర్చుకున్న కుక్కకు, గంట మోగించినా ఆహారం పెట్టడం ఆపేస్తే లాలాజలం క్రమంగా తగ్గుతుందని, కొంత విరామం తర్వాత గంట మోగిస్తే మళ్లీ వస్తుందని రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ గమనించాడు. భయం కూడా అంతే. ప్రమాదం రాదని పదేపదే అనుభవమైతే పాత భయం చెరిగిపోదు, "ఇక్కడ ఫరవాలేదు" అన్న కొత్త జ్ఞాపకం దాని మీద చేరుతుంది. ఆ కొత్త జ్ఞాపకాన్ని నిలబెట్టడంలో నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ లోపలి భాగం పనిచేస్తుందని మొహమ్మద్ మిలాద్, గ్రెగరీ క్వర్క్ 2002లో ఎలుకల్లో చూపించారు. అది అమిగ్డలా స్పందనను అదుపులో పెడుతుంది. "ఇక్కడ" అన్నది గుర్తించే పని హిప్పోక్యాంపస్‌ది. దీర్ఘకాల ఒత్తిడిలో హిప్పోక్యాంపస్ బలహీనపడి అమిగ్డలా బలపడిన మనిషికి భయం అణచుకోవడం ఎందుకంత కష్టమో ఇక్కడ అర్థమవుతుంది.

2000లో కరీమ్ నాడర్, గ్లెన్ షాఫె, లెడూ మరో దారి చూపించారు. స్థిరపడిన భయ జ్ఞాపకాన్ని ఎలుకకు గుర్తుచేసి, వెంటనే అమిగ్డలాలో కొత్త ప్రొటీన్ల తయారీని ఆపే మందు వేస్తే ఆ భయం మర్నాటికి తగ్గిపోయింది. గుర్తుచేయకుండా మందు ఒక్కటే వేస్తే ఏమీ కాలేదు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ జ్ఞాపకం కాసేపు మెత్తబడి మళ్లీ గట్టిపడాల్సి వస్తుందన్న రీకన్సాలిడేషన్ భావనకు దీంతో ఊపు వచ్చింది. మనుషుల్లో ప్రొప్రనలాల్‌తో ఇదే ప్రయత్నం చేసిన అధ్యయనాల ఫలితాలు మాత్రం ఒకేలా రాలేదు. కొన్నిటిలో పనిచేసింది, కొన్నిటిలో లేదు. ఇంటర్నెట్‌లో కనిపించే "చెడు జ్ఞాపకాలను చెరిపే మాత్ర" అన్న శీర్షికలను నమ్మే దశ ఇంకా రాలేదు.

ఇప్పటికి గట్టి ఆధారాలున్న దారుల్లో ముఖ్యమైనది ఎక్స్‌పోజర్ థెరపీ. భయం కలిగించే విషయాన్ని క్షేమమైన పరిస్థితిలో మెల్లమెల్లగా, పదేపదే ఎదుర్కొనేలా చేయడం దాని పద్ధతి. "ఫరవాలేదు" అన్న జ్ఞాపకం నేర్చుకున్న చోటుకు కట్టుబడి ఉంటుంది కాబట్టి, యాక్సిడెంట్ తర్వాత బైకు అంటే హడలిపోయే మనిషికి థెరపిస్టు గదిలో కుదురుగా అనిపించినా హోసూరు రోడ్డు ఎక్కగానే పాత భయం తిరిగి రావచ్చు. అందుకే అనుభవమున్న థెరపిస్టులు సాధనను గదిలో ఆపరు. ముందు ఖాళీగా ఉండే కాలనీ వీధి, తర్వాత పొద్దున రద్దీ లేని వేళ పెద్ద రోడ్డు, ఆ తర్వాత సాయంత్రం ట్రాఫిక్ అని చోట్లూ వేళలూ మారుస్తూ అదే పాఠాన్ని మళ్లీ మళ్లీ నేర్పిస్తారు.